లివర్ 10లో పెడితేనే రోయింగా? అపోహలు – వాస్తవాలు

మొన్నామధ్య అమలాపురంలో మా జిమ్‌కి వచ్చే కొబ్బరి వ్యాపారి ఒకాయన రోయింగ్ మెషిన్ (కూర్చుని తెడ్డు వేసినట్టు లాగే మెషిన్) ఎక్కుతూనే, చక్రం పక్కన 1 నుంచి 10 దాకా అంకెలుండే లివర్‌ని 10కి లాగేశారు. నేను 4కి దించబోతే, "వద్దండీ, అక్కడ గాలిలో చెయ్యి ఊపినట్టుంటుంది" అన్నారు. ఆరో నిమిషానికి నడుం పట్టుకుని దిగారు.

అపోహ: 10 అంటే గట్టి కసరత్తు, 3 అంటే పిల్లలాట.

వాస్తవం: కాన్సెప్ట్2 కంపెనీ చేసేలాంటి గాలి మెషిన్‌లో ఆ లివర్ చేసేది ఒక్కటే: చక్రం తిరిగే గూట్లోకి గాలి ఎంత పోవాలో చూడటం. గాలి ఎక్కువ పోతే చక్రం తొందరగా నెమ్మదిస్తుంది, మళ్లీ లాగేటప్పుడు బరువుగా తగులుతుంది. 10 అంటే ఇసుక నింపిన పడవ అనుకోండి, 1 అంటే ఖాళీ దోనె. ఖాళీ దోనెని కూడా చెమటలు కారేలా తోలొచ్చు కదండీ. మానిటర్‌లో 500 మీటర్లకి 2 నిమిషాల 30 సెకన్లు పడుతోందంటే మీరు పెడుతున్న శక్తి సుమారు 104 వాట్లు. దాన్నే 2 నిమిషాలకి తెస్తే 203 వాట్లు, అంటే దాదాపు రెట్టింపు. లివర్ ఎక్కడున్నా ఈ లెక్క మారదు. కాళ్లతో ఎంత గట్టిగా తోశారన్నదే లెక్క.

అపోహ: ఏ మెషిన్‌లోనైనా 4 అంటే 4.

దీనికి మేమూ బోల్తాపడ్డాం. మా రెండు మెషిన్లలో ఒకటి ఎందుకో తేలిగ్గా ఉందని అందరూ దానికే ఎగబడేవాళ్లు. మెషిన్‌కుండే పీఎం5 మానిటర్‌లో మోర్ ఆప్షన్స్‌కి వెళ్లి, డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్ (గాలి చక్రాన్ని ఎంత అడ్డుకుంటోందో చెప్పే అంకె) నొక్కి పది స్ట్రోకులు లాగి చూశాను. లివర్ 5లో ఉన్నా 95 దాటలేదు. కవర్ విప్పితే లోపలి జల్లెడకి కొబ్బరి పీచు దుమ్ము నాచులా అతుక్కుపోయి ఉంది. పక్క వీధిలోనే పీచు మిల్లు మరి! వాక్యూమ్ పెట్టాక అదే 5 దగ్గర 128 వచ్చింది. అందుకే లివర్ అంకె కాదు, డ్రాగ్ ఫ్యాక్టర్ గుర్తుపెట్టుకోండి. కొత్తవాళ్లకి నేను 110 – 125 మధ్య పెడతాను. పనిలో పనిగా చెయిన్‌కి నూనె కూడా చూసుకోండి, మన ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది.

ఇదంతా గాలి మెషిన్ సంగతి. నీళ్ల ట్యాంకు మెషిన్‌లో రోజూ నీళ్లు పోసి తీసే పని లేదు. ఒక మట్టానికి నింపి వదిలేయండి, బరువు కావాలంటే వేగంగా లాగండి. మంచినీళ్లే పోయాలి సుమా. కాలవ నీళ్లు పోసి, నీళ్లు పాడవకుండా కంపెనీ చెప్పిన బిళ్ల వేయకపోతే కొన్నాళ్లకి పచ్చగా మారిపోతాయి.

అయస్కాంతం మెషిన్‌లో మాత్రం నాబ్ తిప్పితే బరువు నిజంగానే పెరుగుతుంది, అయస్కాంతం చక్రానికి దగ్గరవుతుంది కాబట్టి. అయితే ఒక కంపెనీ 8కీ ఇంకో కంపెనీ 8కీ పోలికే లేదు.

ఇక ఇళ్లల్లో మంచం కింద పెట్టుకునే, నూనె సిలిండర్లతో రెండు పిస్టన్లుండే చిన్న మెషిన్. "పావుగంట అయ్యేసరికి తేలికైపోతోందండీ, స్టామినా పెరిగినట్టుంది" అంటారు. స్టామినా కాదు, లోపలి నూనె వేడెక్కి పలచబడింది. ఇందులో ముందు చూడాల్సింది రెండు పక్కలా బిగింపు ఒకే గీత దగ్గర ఉందా లేదా అని. తేడా ఉంటే ఒళ్లు ఒక పక్కకి తిరిగిపోతుంది. ఆపిన వెంటనే సవరించబోయి సిలిండర్ మీద చెయ్యి వేయకండి, కాలుతుంది.