మందు మానిన మూడో రోజు

డాక్టరు రాసిచ్చేదీ మందే, సీసాలో దొరికేదీ మందే. మన భాషలోని ఈ ఒక్క మాటలో మనోవైద్యుల పాత చిక్కు దాగి ఉంది. మనసు బాగోలేక తాగుతున్నాడా, తాగి తాగి మనసు పాడైందా? జైలు గేటు దగ్గర ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వస్తుంది.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వల్ల మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు. చేతుల వణుకు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివి కనిపించడం. పిచ్చెక్కిందనుకుని ఇంటివాళ్లు భయపడ్డారు. రోజూ తాగే మనిషిని రిమాండుకు పంపినప్పుడు జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఇంటివాళ్లు పక్కన ఉండరు.

మెదడుకు కళ్లెం వేసే గాబా అనే రసాయనానికి మద్యం బలం చేకూరుస్తుంది, పరుగెత్తించే గ్లూటమేట్‌ను అణచిపెడుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే మెదడు తన కళ్లేన్ని తానే సడలించి, పరుగు పెంచుకుని లెక్క సరిచూసుకుంటుంది. ఆ స్థితిలో తాగుడు హఠాత్తుగా ఆగితే మిగిలేది పరుగే. చివరి చుక్క తాగిన రెండు నుంచి నాలుగు రోజుల్లో కొందరికి సన్నిపాతం లాంటి స్థితి వస్తుంది. ఎక్కడున్నారో తెలియదు, ఒంటిమీద పురుగులు పాకుతున్నట్టుంటుంది, గుండె దడదడలాడుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆ వైద్యమేమో చవకే: మెదడును శాంతపరిచే డయాజెపామ్ తరహా మాత్రలు, బి1 విటమిన్ సూదులు. విచిత్రమేమిటంటే తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేదీ ఆ డయాజెపామే. కల్లు మాత్రమే తాగానని నమ్మే మనిషి నిజానికి మాత్రలకు బానిసై ఉండవచ్చు. 'చివరిసారి తాగింది ఎప్పుడు, ఏమిటి?' అని గేటు దగ్గర మొదటి రోజే అడగాలి. మూడో రోజు అడిగితే జవాబు చెప్పే స్థితిలో మనిషి ఉండడు.

బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు 5,024 మంది ఖైదీలను పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. 79.6 శాతం మందిలో మానసిక వ్యాధో, మత్తు సమస్యో కనిపించింది. పత్రికల శీర్షికకు ఆ అంకె బాగుంటుంది. నాకు మాత్రం రెండో అంకే ముఖ్యం. మత్తు సమస్యలను లెక్కలోంచి తీసేసినా 27.6 శాతం మంది మిగిలారు. ఈ నాలుగో వంతు మందిని 'మత్తు దిగితే అదే సర్దుకుంటుంది' అని వదిలేస్తే సర్దుకోరు.

మరి ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చేదెలా? మత్తు మానేసి సుమారు నెల గడిచాక కూడా చెవిలో గొంతులు వినిపిస్తుంటే, అది మత్తు వల్ల కాదు, వేరే జబ్బని వైద్యులు అనుమానిస్తారు. బయట అలాంటి నెల దొరకడం కష్టం. జైల్లోకి మత్తు పదార్థాలు చేరవని నేననను గాని, అక్కడ కాలానికి మాత్రం కొదవలేదు. లేనిదల్లా ఆ నెల రోజులూ గమనించే కన్ను. బీడీ సంగతే చూడండి. ఒలాంజపైన్, క్లోజపైన్ అనే మనోవ్యాధి మందులను కరిగించే కాలేయపు ఎంజైమును పొగ ఉసిగొల్పుతుంది. బీడీ ఆగితే అదే మోతాదు ఒంట్లో ఎక్కువై మనిషి మగతలో తూలుతాడు. చూసేవాళ్లు మళ్లీ మత్తేదో దొరికిందనుకుంటారు!

బయటికి వచ్చే గేటు ఇంకా ప్రమాదం. హెరాయిన్ లాంటివి కొన్నాళ్లు మానితే శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, చెయ్యి మాత్రం పాత మోతాదునే వెతుకుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30,237 మందిని పరిశీలిస్తే, మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ముప్పు ఇతరులకన్నా 129 రెట్లు ఎక్కువని 2007లో వెల్లడైంది. రోడ్ ఐలాండ్ రాష్ట్రం 2016లో హెరాయిన్ తపనను అణిచే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ వంటి మందుల చికిత్సలను జైళ్లలోనే మొదలుపెట్టి, విడుదలయ్యాకా కొనసాగించింది. జైలు నుంచి వచ్చినవారిలో ఇలాంటి మరణాలు 2016 మొదటి ఆరు నెలల్లో 26, మరుసటి ఏడాది అదే కాలంలో 9. ఢిల్లీ తిహార్ జైల్లో బ్యూప్రెనార్ఫిన్ చికిత్స 2008లోనే మొదలైంది.

2017 నాటి మన మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులనూ మానసిక వ్యాధిలోనే చేర్చింది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంది. అయితే మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ల బెయిలు ఏ సాయంత్రం వస్తుందో జైలు డాక్టరుకు ముందుగా తెలియదు. మనిషి గేటు దాటి బస్సెక్కేసరికి మాత్రల చీటీ ఆసుపత్రి ఫైల్లోనే ఉండిపోవచ్చు.