పై (π) విలువ చెప్పే శ్లోకం వేదంలోదేనా?

బరంపురంలో మా తెలుగువాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ ఆగి ఆగి తిరుగుతూనే ఉంటుంది. ‘గోపీభాగ్య మధువ్రాత శృంగిశోదధి సంధిగ’ అని మొదలయ్యే కృష్ణస్తుతిలో పై (π, అంటే వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే 3.14159...) విలువ ముప్పైకి పైగా అంకెల వరకు దాగి ఉందట, అది వేదకాలపు రహస్య సంకేతమట. మొన్న బాబాయ్ అది చదివి వినిపిస్తే, కాగితం తీసుకుని ఇద్దరం లెక్కకు కూర్చున్నాం.

అంకెలు నిజంగానే ఉన్నాయి. గో 3, పీ 1, భా 4, గ్య 1, మ 5, ధు 9. ఇది కటపయాది, అంటే అక్షరాలకు అంకెల విలువ ఇచ్చే పాత పద్ధతి. క, ట, ప, య నాలుగూ 1, అక్కడి నుంచి వరసగా లెక్క. సంయుక్తాక్షరమైతే చివరి హల్లుకే విలువ.

వేదం అన్న మాట దగ్గరే పేచీ. ఈ శ్లోకానికి ఇంత పేరు తెచ్చింది 1965లో అచ్చయిన ‘వేదిక్ మ్యాథమెటిక్స్’. రాసినవారు పూరీ గోవర్ధన పీఠాధిపతి భారతీకృష్ణ తీర్థ. ఆయన 1960లోనే సిద్ధి పొందారు. అథర్వవేద పరిశిష్టం (అనుబంధం) లోవని ఆయన చెప్పిన సూత్రాలు ఇప్పుడు దొరుకుతున్న పరిశిష్టాల్లో లేవు. పూరీ స్వామి పేరు వినగానే మా వైపు ఎవరూ ఎదురడగరు. నాకూ ఆయనంటే గౌరవమే, కానీ అడగాలి.

శ్లోకంలోనే ఇంకో ఆధారం ఉంది. ‘అంకానాం వామతో గతిః’ అన్నది పాత నియమం. అంటే అంకెల్ని వెనక నుంచి చదవాలి. ఈ శ్లోకమేమో ముందు నుంచి చదివితేనే పై అవుతుంది.

నియమం తప్పని శ్లోకం కేరళలో ఉంది. 1819లో శంకరవర్మ ‘సద్రత్నమాల’లో ‘భద్రాంబుధిసిద్ధజన్మగణితశ్రద్ధా స్మ యద్భూపగీః’ అన్నాడు. చివరి ‘గీ’ నుంచి వెనక్కి రండి: 3, 1, 4, 1, 5, 9... 17 దశాంశ స్థానాలు సరిగ్గా వస్తాయి. ఒక్క పాదంలో! దీనికి వేదం ముద్ర ఎందుకు?

రహస్యమన్న మాటా పొరపాటే. గూఢలిపి వేరే విద్య, కామసూత్రం 64 కళల్లో ‘మ్లేచ్ఛిత వికల్పం’ పేరుతో ఉంది. కటపయాది దాచడానికి కాదు, గుర్తుంచుకోవడానికి.

ఇదంతా వింటున్న బాబాయ్ కూతురు సంగీతం నోట్సు తెచ్చింది. మాయామాళవగౌళ: మా 5, యా 1, తిప్పితే 15వ మేళకర్త (కర్ణాటక సంగీతంలో జనక రాగం). శంకరాభరణం 29 కావడానికే ముందు ‘ధీర’ చేర్చారట: ధీ 9, ర 2. వాళ్ల టీచరు మొదటి ఏడాదే నేర్పేశారట.

బాబాయ్ ఆ మెసేజ్ పంపినాయనకు శంకరవర్మ పాదం టైప్ చేసి, ‘వెనక నుంచి చదవండి’ అని పంపాడు.