కెగ్‌లో గ్యాస్ లీక్: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో బీరు తయారుచేసుకుని కెగ్‌లో (గ్యాస్ పీడనంతో బీరు నిల్వచేసే స్టీలు పీపా) నింపుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తప్పని తలనొప్పి ఇది. మొన్న నింపించిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వారం తిరక్కుండా ఖాళీ. వెంటనే సబ్బునీళ్లు తెచ్చి కనబడిన జాయింటునల్లా తడుపుతారు. సబ్బునీళ్ల పని ఆఖర్న. ముందు తూకం, తర్వాత లైన్‌ని భాగాలుగా విడగొట్టి చూడటం.

అపోహ: సిలిండర్ గేజ్ ముల్లు కదల్లేదు, కాబట్టి లీక్ లేదు.

వాస్తవం: సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ద్రవరూపంలో ఉంటుంది. ఆ ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంతవరకు పీడనం ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 57 బార్, అంటే దాదాపు 830 పీఎస్‌ఐ. సగం గ్యాస్ పోయినా అదే అంకె. అదే సిలిండర్‌ని ఫ్రిజ్‌లో పెడితే గ్రాము కూడా పోకుండానే 40 బార్ లోపుకి దిగుతుంది, చూసినవాళ్లు కంగారుపడతారు. అందుకే కాటా మీద పెట్టండి. ఖాళీ బరువు సిలిండర్ పైభాగంలో చెక్కి ఉంటుంది. 19 లీటర్ల కెగ్‌కి గ్యాస్ పట్టించి ఆఖరి గ్లాసు దాకా వంపడానికి 150 నుంచి 200 గ్రాములు సరిపోవాలి. అంతకు బాగా మించితే వెతకాల్సిందే.

అపోహ: సిలిండర్ వాల్వ్ కట్టేశాక పీడనం తగ్గితే అది లీకే.

వాస్తవం: కెగ్ తగిలించి ఉంటే ఈ పరీక్షకు అర్థం లేదు. ఇంకా గ్యాస్ పట్టని బీరు పైనున్న గ్యాస్‌ని పీల్చేసుకుంటుంది, చల్లబడేకొద్దీ ఇంకా ఎక్కువగా. కెగ్‌లన్నీ ఊడదీసి, లైన్‌లో 30 పీఎస్‌ఐ నింపి, సిలిండర్ వాల్వ్ కట్టేసి, రాత్రంతా వదిలేయండి.

పొద్దున్నే రెగ్యులేటర్ (సిలిండర్ పీడనాన్ని తగ్గించి లైన్‌లోకి పంపేది) మీద పెద్ద గేజ్ (సిలిండర్ వైపు పీడనం చూపేది) ముల్లు పడిపోయి చిన్నది (లైన్ పీడనం చూపేది) నిలిచి ఉందనుకోండి. చాలామంది సిలిండర్ నట్టుని అనుమానిస్తారు. తొందరపడొద్దు. కింది పైపులో లీకున్నా రెగ్యులేటర్ పైనుంచి గ్యాస్ తెచ్చి భర్తీ చేస్తుంది కాబట్టి ముందు పడేది పెద్ద ముల్లే. రెగ్యులేటర్ కిందున్న షటాఫ్ వాల్వ్ మూసి మళ్లీ చూడండి. ఇప్పుడూ పడితే సిలిండర్ నట్టు వాషర్, లేదా రెగ్యులేటర్. నిలబడితే పైపు, క్లాంపులు, మానిఫోల్డ్ (గ్యాస్‌ని పలు కెగ్‌లకు పంచేది), డిస్‌కనెక్టుల్లో (పైపుని కెగ్‌కి తగిలించే బిగింపులు) ఎక్కడో ఉంది. ఇక కెగ్‌ల వంతు: ఖాళీ కెగ్‌లో గ్యాస్ నింపి, లైన్ తీసేసి, మర్నాడు గేజ్ ఉన్న డిస్‌కనెక్ట్ తగిలించి చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: బుడగలు రాకపోతే అక్కడ లీక్ లేనట్టే.

వాస్తవం: సన్నటి లీక్ నురగ కట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. జోరుగా పోయేచోట గ్యాస్ ఆ సబ్బు పొరనే ఎగరగొట్టేస్తుంది. పైపు, మానిఫోల్డ్ లాంటివి పీడనంతోనే బకెట్ నీళ్లలో ముంచడం మేలు (రెగ్యులేటర్‌ని మాత్రం వద్దు). కెగ్ పోస్ట్ (డిస్‌కనెక్ట్ తగిలించే మొన) దగ్గర లీకుకి ఒక గుర్తుంది. డిస్‌కనెక్ట్ తగిలించినప్పుడే పోతుంటే పోస్ట్ చుట్టూ ఉన్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు). తీసేసినప్పుడే పోతుంటే లోపలి పాపెట్ (స్ప్రింగుతో మూసుకునే చిన్న వాల్వ్). ఎలా ఉన్నా పోతుంటే పోస్ట్ కింద డిప్ ట్యూబ్‌కి (కెగ్ లోపలికి దిగే గొట్టం) ఉండే ఓ-రింగ్. దీన్నే అందరూ మర్చిపోతారు.

అపోహ: టెఫ్లాన్ టేప్ చుడితే ఏ లీకైనా ఆగుతుంది.

వాస్తవం: కొసకు సన్నబడే మరలకే టేప్. సిలిండర్ నట్టు దగ్గర గ్యాస్‌ని ఆపేది వాషర్, ఫ్లేర్ ఫిట్టింగ్‌లో శంకువు ఆకారపు ముఖం, పోస్ట్‌లో ఓ-రింగ్. వీటి మరలకు టేప్ చుట్టడం దండగ.

అపోహ: మూత దగ్గర లీకైతే ఇంకా గట్టిగా నొక్కి బిగించాలి.

వాస్తవం: కార్నీ కెగ్ (ఇళ్లలో ఎక్కువగా వాడే రకం) మూతని లోపలి గ్యాసే పైకి తోసి బిగిస్తుంది. 5 పీఎస్‌ఐ దగ్గర కారే మూత 30 దగ్గర కుదురుకుంటుంది. ఆ తర్వాత పీడనం తగ్గించుకోవచ్చు. ఓ-రింగ్‌కి ఆహార తరగతి సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ వద్దు, ఈపీడీఎం రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

అపోహ: వాడనప్పుడు సిలిండర్ కట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: సిలిండర్ మిగులుతుంది, కెగ్ లీకైతే బీరు చప్పబడుతుంది.

అపోహ: కార్బన్ డయాక్సైడ్ విషం కాదు, ఆక్సిజన్ తగ్గితేనే ప్రమాదం.

వాస్తవం: లెక్క చూడండి. 2.27 కిలోల సిలిండర్ మొత్తం కారితే సుమారు 1.2 ఘనపు మీటర్ల గ్యాస్. తలుపులు మూసిన 30 ఘనపు మీటర్ల గదిలో అది 4 శాతం, అంటే 40,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 40,000). ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ గీత గీసింది సరిగ్గా అక్కడే. ఆ గదిలో ఆక్సిజన్ ఇంకా 20 శాతం ఉంటుంది, 19.5 దగ్గర మోగేలా అమర్చిన ఆక్సిజన్ అలారం నోరెత్తదు. వాసన కూడా ఉండదు. సిలిండర్ ఉన్న గదికి కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచే అలారం కొనండి.