జ్వరానికి పుట్టుమచ్చలు

మాకు పాలు పోసే ఆయన చంద్రగిరి దగ్గర నాలుగు ఆవులు మేపుతాడు. మొన్న నేను వెళ్లేసరికి ఆవు చెవి మడిచి గోమార్లు పీకుతున్నాడు. శనగగింజంత ఉబ్బినదాన్ని రాతిమీద పెట్టి బొటనవేలి గోటితో నొక్కాడు. టప్‌మని పేలి వేలంతా నెత్తురు. ఆ వేలు పంచెకు తుడుచుకుంటూనే, "వీటివల్ల రక్తం కారే జ్వరం వస్తాదంట, నిజమేనా సార్?" అన్నాడు.

నిజమే. క్రిమియన్-కాంగో జ్వరం అలాంటిదే. 1944లో క్రిమియాలో, 1956లో కాంగోలో బయటపడింది. మన దేశంలో మొదట తేలింది 2011లో, గుజరాత్‌లో. పక్కనే కర్ణాటకలో క్యాసనూరు అడవి జ్వరం 1957 నుంచీ ఉంది, కానీ అది వేరే వైరస్, వేరే గోమారి. క్రిమియన్-కాంగో సోకిన ఆవు దాదాపు వారంపాటు రక్తంలో వైరస్ మోస్తూనే హాయిగా నెమరేస్తుంది. మనిషికి అంటడానికి గోమారి కుట్టనక్కర్లేదు, వైరస్ ఉన్నదాన్ని చేత్తో చిదిపినా చాలు.

మొదట్లో ఇది అచ్చం డెంగీలా ఉంటుంది: జ్వరం, ఒళ్లునొప్పులు, ప్లేట్‌లెట్లు పడిపోవడం. యాంటీబాడీలు చూద్దామంటే అవి పుట్టడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ప్రాణం మీదికొచ్చిన చాలామందిలో అసలు పుట్టనే పుట్టవు. పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే అది వదిలేస్తుందన్నమాట. అందుకే వైరస్‌నే పట్టుకోవాలి.

టెన్త్ సర్టిఫికెట్ కోసం రెండు పుట్టుమచ్చలు చూపించమంటారు కదా, వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్షా అంతే. వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చాక, ప్రైమర్లనే రెండు పొట్టి డీఎన్‌ఏ ముక్కలు తమ మచ్చలు, అంటే తమకు సరిపడే అక్షరాల వరసలు, వెతుక్కుని అతుక్కుంటాయి. వాటి మధ్య ముక్కకు నకళ్లు తయారవుతాయి. 95 డిగ్రీలకు వేడిచేస్తే డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి, చల్లారిస్తే ప్రైమర్లు మళ్లీ అతుక్కుంటాయి. 30 విడతలకు ఒకటి 107 కోట్లవుతుంది. ఇంటర్లో ఈ డిగ్రీలన్నీ బట్టీ పట్టించారు గానీ, ప్రైమర్లు రెండెందుకో ఎవరూ చెప్పలేదు. పోగుకొకటి! ఒక్కటే ఉంటే నకళ్లు ఒకటొకటిగా పెరుగుతాయి, రెట్టింపు కావు.

ల్యాంప్ అనే ఇంకో పద్ధతి ఆరు మచ్చలు అడుగుతుంది. రెండు మచ్చలు ఇంకొకడికీ ఉండొచ్చు. ఆరూ అదే వరసలో, అదే ఎడంలో ఉండటం కష్టం. నాకు ముచ్చటేసేది మాత్రం ఆ తర్వాత పడే జడ. తయారైన పోగు రెండు కొసలూ వెనక్కి మడుచుకుని తనకు తానే అతుక్కుంటాయి, బడిపిల్ల రెండు జడలు మడిచి రిబ్బను కట్టుకున్నట్టు. మడత దగ్గర ఉచ్చులో పోగు ఒంటిగా ఉంటుంది కాబట్టి తర్వాతి ప్రైమరు నేరుగా అక్కడ దిగుతుంది. నకళ్లు తయారుచేసే ఎంజైము పాత పోగును పక్కకు తోసుకుంటూ కొత్తది అల్లుతుంది. ఊడిన పోగు మళ్లీ జడ మడుస్తుంది. విడదీయడానికి మరిగించే పనే లేదు. ఇడ్లీకుండ కింద మంటలాగా 60-65 డిగ్రీల వేడి ఒకే తీరున ఉంటే చాలు, గంటలోపు తేలిపోతుంది.

"ఆ మచ్చలే మారిపోతే సార్?" అన్నాడు పాలాయన. అసలు ప్రశ్న అదే! ఈ వైరస్‌కు మూడు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. ప్రాంతాన్నిబట్టి వాటిలో మధ్యదాని అక్షరాలు 31 శాతం దాకా తేడా పడతాయి. అందుకే మచ్చల్ని ఎక్కువగా చిన్న ముక్కలో వెతుకుతారు. అక్కడా తేడా 20 శాతం దాకా ఉంది. ఆరు మచ్చలడిగేవాడికి ఒకటి చెరిగినా చిక్కే.

క్యాసనూరు జ్వరానికైతే, టీబీ పరీక్షకు వాడే ట్రూనాట్ యంత్రంలోనే నడిచే పరీక్ష చిప్ వచ్చింది. బ్యాటరీతో పనిచేస్తుంది. గంగమ్మకు మొక్కుకుంటే నాకేం అభ్యంతరం లేదు, కానీ పరీక్షకు రక్తం ఇచ్చాకే ముడుపు కట్టండి. జ్వరం మొదలైన రోజే నెగెటివ్ వస్తే మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు.

మర్నాడు చూస్తే పాలాయన రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, గోమార్లను కిరసనాయిలు డబ్బాలో వేస్తున్నాడు.