టోపీ పల్లీకాయ: పాతదేదో తేల్చేదెవరు?

మిస్టర్ పీనట్ అంటే అమెరికా పల్లీల కంపెనీ ప్లాంటర్స్ గుర్తుబొమ్మ, టోపీ పెట్టిన పల్లీకాయ మనిషి. పోత ఇనుముతో చేసిన ఆ బొమ్మ కిడ్డీ బ్యాంక్ ఒకటి ఆన్‌లైన్ వేలంలోకి వస్తుంది. కింద "1920ల నాటిది, చాలా అరుదు" అని ఉంటుంది. మంచి ధరే పలుకుతుంది. కొన్నాయన నాలుగు రోజులు మురిసిపోయాక తెలిసినవాళ్లెవరో చూసి, అది పాతది కాదు సరికదా అసలు అలాంటి పాత వస్తువే లేదని చెబుతారు. తగవు మళ్లీ మొదలు. ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చే హక్కు ఎవరిది? బొమ్మ మీద ట్రేడ్‌మార్కు ఉన్న కంపెనీదా, నలభై ఏళ్లకు పైగా ఆ బొమ్మ వస్తువులను పోగుచేస్తున్న పీనట్ పాల్స్ క్లబ్బుదా?

ప్లాంటర్స్ కంపెనీ 1906లో పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారీలో పుట్టడం, 1916 పోటీలో వర్జీనియాలోని సఫక్‌కు చెందిన ఆంటోనియో జెంటైల్ అనే బడిపిల్లవాడు గీసిన పల్లీకాయ మనిషికి అయిదు డాలర్ల బహుమతి రావడం, టోపీ, ఒంటికంటి అద్దం తర్వాత వచ్చి చేరడం అందరూ చెప్పుకునే కథే. ఈ తగవుకు మూలం అక్కడ లేదు.

మూలం 1960ల మొదట్లో ఉంది. వ్యవస్థాపకుడు అమెడియో ఒబీచీ 1947లో చనిపోయాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు తిరక్కుండానే కంపెనీ స్టాండర్డ్ బ్రాండ్స్ అనే ఆహార కంపెనీ చేతికి పోయింది. మొదట్లో పల్లీకాయ బొమ్మ ఉన్న వస్తువుల్లో చెప్పుకోదగ్గవి దుకాణదారుడి కోసం చేసినవి. కౌంటరు మీద పెట్టి విడి పల్లీలు అమ్ముకునే గాజు జాడీలు అందులో ముఖ్యం. ఎనిమిది పలకలది, పీపా ఆకారంలోది, నాలుగు మూలలా ఉబ్బెత్తు పల్లీకాయలున్నది, ఇలా రకరకాలు. గాలి చొరబడని డబ్బాలు, ప్యాకెట్లు నిలదొక్కుకున్నాక జాడీకి పని తగ్గింది. పగిలినవి పగలగా మిగిలినవి వంటింటి అటకలెక్కాయి. బొమ్మ మాత్రం ప్లాస్టిక్‌లోకి మారింది. రేపర్లు కత్తిరించి, కొంత చిల్లర జతచేసి పోస్టులో పంపితే కప్పులు, ఉప్పు మిరియాల డబ్బీలు, కిడ్డీ బ్యాంకులు వచ్చేవి. దుకాణం సామాను ఇంటి సామానైంది.

ఆ మార్పుతోనే "ఏ వస్తువు ఎప్పుడు వచ్చింది" అన్న లెక్క కంపెనీ గుమ్మం దాటిపోయింది. కంపెనీ 1981లో నబిస్కో, 2000లో క్రాఫ్ట్, 2021లో 335 కోట్ల డాలర్లకు హార్మెల్ చేతికి వెళ్లింది. యజమాని మారినప్పుడల్లా ట్రేడ్‌మార్కు పత్రాలు భద్రంగానే చేతులు మారాయి. ఏ జాడీకి ఏ మూత, ఏ రంగు ఏ కాలానిది అన్న జ్ఞానం అలా మారేది కాదు కదా. 1978లో మొదలైన పీనట్ పాల్స్ సభ్యులు ఏటా కలుసుకుంటూ, పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ కూడబెట్టింది ఆ లెక్కనే.

కంపెనీ వాదన చిన్నది: బొమ్మ మాది, అనుమతి ఉన్నదే అసలు. చట్టం ప్రకారం కాదనలేం. కానీ అనుమతితో నిన్న చేసిన రేకు డబ్బా 1930ల డబ్బా అయిపోదు. పాత తరహా డబ్బా మీద "1906" అని కనబడితే అది కంపెనీ పుట్టిన ఏడాది, డబ్బా పుట్టిన ఏడాది కాదు. దీన్ని చూపించి అమ్మేవాళ్లకు కొదవ లేదు.

సేకర్తల పద్ధతి వేరు. ముందు అక్షరాలు చదువుతారు. చిరునామాలో ఊరి పేరు తర్వాత ఒకటి రెండంకెల తపాలా మండలం సంఖ్య ఉంటే 1943, 1963 మధ్యది కావచ్చు. అయిదంకెల జిప్ కోడ్ (అమెరికా పిన్‌కోడ్) 1963లో వచ్చింది, అది ఉంటే అంతకు ముందుది కాదు. బార్‌కోడ్ ఉంటే 1970ల మధ్యకు ఇవతలిది. స్టాండర్డ్ బ్రాండ్స్ పేరుంటే ఆ ఇరవై ఏళ్లదే.

జాడీకి రంగే మొదటి పరీక్ష. అసలు కౌంటరు జాడీలు రంగు లేని పారదర్శక గాజువి. నీలం, ఆకుపచ్చ, తేనెరంగు జాడీ దొరికితే బేరం ఆడకుండా పక్కన పెట్టేయడమే. తర్వాత అడుగు చూడాలి. ఏళ్ల తరబడి కౌంటరు మీద జరిపిన జాడీకి గీతలు అడ్డదిడ్డంగా, లోతు తేడాలతో ఉంటాయి. ఒకే వైపుకు సమానంగా ఉంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. మూత పిడి పల్లీకాయ ఆకారంలో ఉంటుంది, మొదట విరిగేది అదే. అందుకే వేరే జాడీ మూత తెచ్చి జతకలుపుతారు. మూత పెట్టి రెండు వైపులా నొక్కితే గడగడలాడకూడదు.

ఇనుప కిడ్డీ బ్యాంకుకు ఇంత పరీక్ష అక్కర్లేదు. కంపెనీ పంచినవి ప్లాస్టిక్‌వి. ఇనుముది నకిలీ కూడా కాదు, అసలే లేనిదానికి నకిలీ ఎక్కడిది? సేకర్తలు దాన్ని ఫాంటసీ అంటారు. ఇసుక అచ్చు గరుకుతనం, రెండు సగాల మధ్య గోరు దూరే సందు, నాలుగు గాట్ల స్క్రూ, అంతటా ఒకేలా నారింజ రంగు తుప్పు దాని ఆనవాళ్లు.

2020 జనవరిలో కంపెనీ ఒక ప్రకటనలో మిస్టర్ పీనట్‌ను చంపేసింది. ఫిబ్రవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మధ్యలో పసిపల్లీగా మళ్లీ పుట్టించింది. కంపెనీకి అది ప్రచారం. నూరేళ్ల బొమ్మను ఎవరినీ అడక్కుండా పాతిపెట్టొచ్చని తేలింది కూడా అప్పుడే. జెంటైల్ గీసిన తొలి బొమ్మలు మాత్రం అంతకు ఏడేళ్ల ముందే, 2013లో, స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరాయి. ఇచ్చింది జెంటైల్ కుటుంబం.

చేతిలో ప్లాస్టిక్ వస్తువులున్నవాళ్లకు ఒక మాట. పాత పాలీస్టైరిన్ కప్పును మెత్తటి వినైల్ సంచిలో చుట్టి పెడితే, వినైల్‌లోని నూనెపదార్థం ఊరి కప్పు జిగటగా మారుతుంది, అచ్చు పడుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, ఎండ పడని చోట పెట్టాలి. రేకు పళ్లేల మీది బొమ్మ అచ్చుసిరా పొర మాత్రమే. సబ్బు, పీచు తగిలితే ముందు పోయేది పల్లీకాయ ముఖమే.