కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మా పిల్లలకు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

చదువు ముగించి మీలో కొందరు బెంజి సర్కిల్ ఆఫీసుల్లోను, ఆటోనగర్ వర్క్‌షాపుల్లోను, గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లోను చేరబోతున్నారని తెలిసి సంతోషించాను. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి రాగానే అందరి చూపూ జీతం అంకె మీదికే పోతుంది. అంతకంటే ముందు మిమ్మల్ని ఏ రకం ఉద్యోగిగా తీసుకున్నారో, ప్రొబేషన్, అంటే పనితీరు చూసే పరీక్షా కాలం, ఎంతకాలమో, అది పూర్తయిందని ఎవరు ఏ విధంగా తెలియజేస్తారో చదవండి.

ఈ విభజన పాతదే. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల (అంటే సంస్థలోని ఉద్యోగ నిబంధనల) చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనలు పర్మనెంటు, ప్రొబేషనరు, బద్లీ, టెంపరరీ, క్యాజువల్, అప్రెంటిస్ అని కార్మికులను ఆరు రకాలుగా చెప్పాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ నిర్ణీత కాలానికి తీసుకునే ఉద్యోగులకూ ఇందులో చోటిచ్చింది. పర్మనెంటు ఖాళీలోకి పనితీరు చూడటానికి తీసుకున్నవారు ప్రొబేషనరు. ఆ నమూనా నిబంధనల్లో వారి గడువు మూడు నెలలే. సెలవులో ఉన్నవారి స్థానంలో పనిచేసేవారు బద్లీ. అసలు మనిషి రాగానే వారి పని అయిపోతుంది. ప్రొబేషనరు వెనుక ఒక శాశ్వతమైన ఖాళీ ఉంటుంది, టెంపరరీ ఉద్యోగి వెనుక ఉండదు. ఏజెన్సీ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్ ఉద్యోగికైతే యజమాని ఆ ఏజెన్సీయే. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పని చేస్తున్న ఇద్దరి భవిష్యత్తు వేరు కావడానికి కారణం ఇదే.

మీరు బాగా గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఆరు నెలల ప్రొబేషన్ అని రాసి ఉంటే ఏడో నెల మొదటి తేదీన పర్మనెంటు అయిపోయామని చాలామంది అనుకుంటారు. న్యాయస్థానాలు సాధారణంగా అలా చూడవు. ఉద్యోగం ఖాయం చేసే కన్ఫర్మేషన్ ఉత్తర్వు వచ్చేవరకు ప్రొబేషన్ కొనసాగుతున్నట్టే లెక్క. అయితే ఇంతకాలానికి మించి పొడిగించరాదని నిబంధనల్లోనే గరిష్ఠ గడువు ఉండి, అది దాటాక కూడా పనిలో కొనసాగిస్తే, కన్ఫర్మ్ చేసినట్టే భావించాలని 1968లో సుప్రీంకోర్టు పంజాబ్ ప్రభుత్వానికీ ధరమ్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో చెప్పింది. అందుకే ‘అవసరమైతే పొడిగించవచ్చు’ అని ఊరుకున్న లెటరుకూ, ఎంతవరకు పొడిగిస్తారో చెప్పిన లెటరుకూ చాలా తేడా ఉంది. మన రాష్ట్రంలోనే చూడండి: 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాల్లో నెలకు 15,000 రూపాయలతో చేరినవారికి రెండేళ్లు 2021లో నిండినా, ప్రొబేషన్ పూర్తయిందని ప్రకటించింది 2022 జూన్‌లో. పే స్కేలు ఆ తర్వాతే వచ్చింది.

ప్రొబేషన్‌లో ఉన్నంత మాత్రాన హక్కులు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. కనీసం 20 మంది ఉన్న సంస్థలో పీఎఫ్, కనీసం 10 మంది ఉన్నచోట ఈఎస్‌ఐ, జీతం పరిమితికి లోబడి, చేరిన రోజు నుంచే వర్తిస్తాయి. కొన్ని దుకాణాల్లో ‘వారం రోజులు ట్రయల్’ అని జీతం లేకుండా పనిచేయించుకుంటారు. ఇది నాకు చాలా బాధ కలిగించే అలవాటు, చట్టంలో దీనికి తావు లేదు. చేసిన పనికి కూలి ఇచ్చి తీరాలి. మన ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గానీ ఆ నెల వేతనం గానీ ఇవ్వకుండా తొలగించకూడదు. పని నచ్చలేదని ప్రొబేషనరును పంపించే అధికారం యజమానికి ఉంది గాని, దొంగతనం వంటి నింద మోపి విచారణ లేకుండా పంపితే ఆ తొలగింపు కోర్టులో నిలవడం కష్టం.

గడువు దగ్గరపడినప్పుడు మొహమాటపడకుండా మీ పనితీరు ఎలా ఉందో పై అధికారిని అడగండి. కన్ఫర్మేషన్ లెటర్ రాకపోతే మర్యాదగా ఒక మెయిల్ రాసి, దాని కాపీని, జీతం స్లిప్పులను ఇంట్లో భద్రపరచండి. అసలు అపాయింట్‌మెంట్ లెటరే ఇవ్వనిచోట అసిస్టెంట్ లేబర్ ఆఫీసరును కలిసి, మీరు పనిచేస్తున్నట్టు చూపే కాగితాలతో అర్జీ పెట్టుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య