కొత్త చొక్కాకి పాతికేళ్ల వయసు

చిట్టికీ, బాబుకీ తాతయ్య ఆశీస్సులు.

స్కూలు నాటకంలో రైతు వేషానికి కొన్న తెల్ల చొక్కా మరీ కొత్తగా మెరిసిపోతోందనీ, దానికి బురద పూసేద్దామనుకుంటున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆగండి, పూయకండి. సినిమాల్లో నలభై ఏళ్లు బట్టల పని చేసినవాణ్ణి, నా మాట కాస్త వినండి.

మద్రాసులో సినిమా స్టూడియోలుండే కోడంబాకంలో పనిలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. కూలీ వేషానికి చొక్కా పాతగా చేయమంటే, దాని నిండా మట్టి రుద్ది పట్టుకెళ్లాను. మా మాస్టారు దాన్ని ఒక్కసారి దులిపి, "ఇది మట్టిలో పడ్డ కొత్త చొక్కారా" అన్నారు. నన్ను గేటు బయటికి తీసుకెళ్లి, లారీలోంచి మూటలు దించుతున్న ఒకాయన్ని చూపించారు. ఆయన చొక్కా నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మూట ఆనే కుడి భుజం దగ్గర గుడ్డ పల్చబడి ఒళ్లు కనిపిస్తోంది, ఎడమ భుజం బాగానే ఉంది. కాలరు మడత మీద దారాలు లేచాయి. బీడీకట్ట పెట్టుకునే జేబు కిందికి సాగి వేలాడుతోంది. వీపంతా ఎండకి వెలిసిపోయింది, చంకల కింద మాత్రం అసలు రంగు అలాగే ఉంది.

ఆ రోజు నుంచి ఏ బట్ట పట్టుకున్నా, ఇది వేసుకున్న మనిషి ఏం పని చేస్తాడు, ఏ చేత్తో చేస్తాడు అని ముందు ఆలోచించుకునేవాణ్ణి.

ఇక మీ చొక్కా సంగతి. నూలుదేనా, చూసుకోండి. పాలిస్టర్‌కి టీ రంగు సరిగ్గా పట్టదు. వేడినీళ్లలో సబ్బేసి రెండు మూడుసార్లు ఉతికి గంజి వదలగొట్టండి. తర్వాత పాలు, పంచదార లేని టీ డికాషన్‌లో ముంచండి. తెల్లగుడ్డ లైట్ల కింద కెమెరా కంటికి మరీ కొట్టేస్తుంది కాబట్టి, బ్లాక్ అండ్ వైట్ రోజుల్లోనే ఇలా ముంచేవాళ్లు. ఇనుప బాణలి మాత్రం వద్దు, టీలోని వగరుకి ఇనుము తగిలితే గుడ్డ నల్లబడుతుంది. స్టీలు గిన్నె వాడండి. తడిగా ఉండగానే జేబులో గులకరాళ్లు పోసి హ్యాంగర్‌కి వేలాడదీయండి, జేబు దానంతటదే సాగుతుంది. ఆరాక లోపల చెక్కముక్క పెట్టి, కాలరు మడత, మోచేతులు, భుజం మీద గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. బ్లీచింగ్ జోలికి మాత్రం వెళ్లకండి, అది పెద్దవాళ్ల పని.

సెట్ల దగ్గరా ఇదే లెక్క. కొత్త ప్లైవుడ్ గోడని పాత ఇంటి గోడ చేయాలంటే, అరుగు మీద కూర్చునేవాళ్లు తల ఆనించేచోట నూనె మరక పడాలి. తలుపుకి గొళ్లెం చుట్టూ రంగు పోవాలి. కింద వాన చినుకులు చిందేంత ఎత్తు వరకే చెక్క నానినట్టుండాలి.

పేదింటి తల్లి పాత్ర అనగానే చీరకి మసి పూసేవాళ్లని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మా అమ్మకి ఉన్నవి రెండే చీరలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. రెండూ రోజూ ఉతికినవే. వాటి వయసంతా పాదాలకి రాసుకుని పీచులు లేచిన అంచులోనూ, అదే రంగు దారం దొరక్క వేరే రంగుతో వేసిన కుట్టులోనూ కనిపించేది. ఇత్తడి బిందె కూడా అంతే. చింతపండుతో తోమినది తళతళలాడుతూనే ఉంటుంది, సొట్టలే దాని పాతదనం. చిలుము పట్టించారంటే అది ఎవరూ ఉండని ఇంటి బిందె అయిపోతుంది.

ఒక జాగ్రత్త. ముందు సీన్లో చిరగని చొక్కా తర్వాత చిరగాలంటే, అలాంటివే రెండు చేసుకోవాలి. సినిమాలో సీన్లు వరసగా తీయరు కాబట్టి ఒకే చొక్కాని నాలుగైదు వయసుల్లో సిద్ధం చేసి, ఏ చిరుగు ఎక్కడుందో ఫోటోలు తీసి పెట్టుకునేవాళ్లం.

మీ రైతు నాగలి ఏ భుజాన మోస్తాడో ముందు తేల్చుకోండి. గరుకు కాగితం పట్టేది ఆ తర్వాతే. చొక్కా ఆరాక ఫోటో పంపండి, వెనకవైపుది కూడా.

మీ తాతయ్య